మన సందుగల ఏమున్నది?

"మీ ఇంట్ల అన్నిటికంటె పాత వస్తువు ఏది?" అని దొరల ఇంట్ల అడిగితే జవాబుకు తడుముకోరు. గడి దర్వాజ చూపిస్తరు. తాతల నాటి తల్వారు, పందిరి మంచం, ఇత్తడి గంగాళం, వెండి పాన్‌దాన్, గోడ మీది ముత్తాత ఫోటో చూపిస్తరు. ఏది ఏ కాలం నాటిదో, ఎవరు ఎవరికి ఇచ్చిండ్రో వరుసగా చెప్తరు. అదే ప్రశ్న భీమ్‌గల్‌లోనో, చుట్టుపక్కల పసుపు పండే ఊర్లలోనో మాలవాడకు, మాదిగవాడకు పోయి అడగండి. "మా దగ్గర పాతయి ఏముంటయి బిడ్డా, పాత అప్పులు తప్ప" అంటరు.

ఈ జవాబు సగమే నిజం. లేనివి ఎందుకు లేవో తెలుసుకోవాలె. ఉన్నవాటిని మనమే ఎందుకు లెక్కపెట్టడం లేదో కూడా తెలుసుకోవాలె. ఈ రెండు ప్రశ్నలు పాత సామాన్ల మీద మోజుతో వేస్తున్నవి కావు. మన చరిత్ర మన చేతుల నుంచి ఎట్ల జారిపోయిందో, ఇప్పుడు కూడా ఎట్ల జారిపోతున్నదో తేల్చుకోవడానికి వేస్తున్నాం.

ఎందుకు లేవు?

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల ఇంట్ల ఏముండాలో నిర్ణయించింది. వాళ్లు ఊరి బయట బతకాలె. కుక్కలు, గాడిదలే వాళ్ల సంపద. చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలె, పగిలిన పాత్రల తినాలె, నగలు పెట్టుకుంటే ఇనుపవే పెట్టుకోవాలె. జాగ్రత్తగా చూస్తే ఇది సామాన్ల జాబితా. ఏ ఇంట్ల ఏ వస్తువు ఉండొచ్చు, ఏది ఉండొద్దు అని చెప్పే జాబితా. బిడ్డకు ఇచ్చిపోవడానికి తల్లి దగ్గర ఏమీ మిగలకుండా చేసే జాబితా.

"అదంతా పుస్తకంలో మాట, ఎవరు పాటించిండ్రు?" అని కొందరు పండితులు అడుగుతరు. వాళ్లకు బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో జవాబు చెప్పాడు. తన కళ్ల ముందు జరిగిన సంగతులనే సాక్ష్యం పెట్టాడు. 1928లో ఇండోర్ జిల్లాలో బలాయీ కులస్తులకు సవర్ణ హిందువులు షరతులు పెట్టిండ్రు. జరీ అంచు తలపాగలు కట్టొద్దు, రంగు అంచు ధోవతులు కట్టొద్దు, ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోవద్దు. ఒప్పుకోనందుకు బావుల నీళ్లు బందు చేసిండ్రు, పశువులను మేపుకోనియ్యలేదు. 1935 నవంబర్‌లో అహ్మదాబాద్ జిల్లా జానూ గ్రామంలో కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లకు పోయిండ్రు. మట్టి కుండ పట్టుకొని పోయి ఉంటే ఎవరికీ పట్టింపు లేదు. బిందె పట్టుకున్నందుకు సవర్ణులకు పరువు పోయినట్టయింది. ఆ ఆడవాళ్లను కొట్టిండ్రు.

ఇండోరు, అహ్మదాబాదు మనకు దూరం అనుకోవద్దు. తెలంగాణ పల్లెల్లో దొర గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కొని పోనియ్యలేదు. ఆ దొర కాళ్ల చెప్పులు కుట్టింది మాదిగోళ్లే. కుట్టినవాడు చెప్పులు చేతుల పట్టుకొని నడవాలె. కూలి రూపాయిలల్ల కాదు, గింజలల్ల ఇచ్చేది. గింజలు తినడానికే చాలవు, దాచుకునేది ఎక్కడ? అప్పుకు జీతం ఉన్నవాడు చస్తే కొడుకు ఆ జీతానికి ఎక్కేది. నిజాం రాజ్యంలో దానికి భగేలా అని పేరు కూడా ఉండేది. అంటే తండ్రి నుంచి కొడుకుకు వారసత్వంగా వచ్చింది అప్పే. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

ఒక వస్తువు నూరేండ్లు నిలవాలంటే అది ఉన్న ఇల్లు నిలవాలె. మనది మట్టి గోడ, గడ్డి కప్పు. వానకు కూలుతది, నిప్పుకు కాలుతది. దొర కోపానికి ఖాళీ అయితది. ఇంటి కింది జాగ కూడా మనది కాని కాలంల పందిరి మంచం ఎక్కడ వేసుకుంటం? కాబట్టి మన ఇండ్లల్ల పాత సామాను లేకపోవడం మన అలక్ష్యం కాదు. అది చేసిన పని, చేయించిన పని.

ఇక ఇప్పుడు ఆలోచించండి. మీ ఇంట్ల ఒక పాత ఇత్తడి చెంబు ఉంటే అది ఎంత పెద్ద సంగతి! మన వంశంల మట్టి కుండ నుంచి మొట్టమొదటిసారి లోహం దాకా వచ్చిన మనిషి ఒకరున్నరు. ఎన్ని పూటలు పస్తులుండి కొన్నరో, కొన్నందుకు ఎవరితో ఏం మాటలు పడ్డరో మనకు తెలియదు. దొర ఇంట్ల గంగాళం ఒక సామాను. మన ఇంట్ల చెంబు ఒక తిరుగుబాటు. రెండింటిని ఒక్క తీరుగ తూకం వేసేది పాత సామాన్ల కాంటా ఒక్కటే.

ఉన్నయి, చూస్తలేం

ఇప్పుడు మన ఇండ్లలోకే పోదాం.

వాకిట్ల మూలకు పడి ఉన్న ఇసుర్రాయి ఉన్నది. ఇంటికి మిషను పిండి వచ్చేదాక ఆ రాయే ఇంటిని సాదింది. కోడి కూయక ముందే లేచి జొన్నలు ఇసిరి, గట్క వండి, పొద్దు పొడిచేసరికి కైకిలి పోయినోళ్లు మన అవ్వలు. ఆ రాయి పై పలక ఎంత అరిగిందో వేలు పెట్టి చూడండి. రాయిని అరగదీసిన చేతులు ఏ పుస్తకంలో ఉన్నయి?

డప్పు ఉన్నది. డప్పు తోలు చినుగుతది, మళ్ల కొత్త తోలు కడుతరు. కని చెక్క చట్రం అదే ఉంటది. ఈయాల ఆ డప్పు వాయించే పిలగాడు తాత పట్టిన కట్టెనే పట్టుకున్నట్టు. సిర్ర, సిటికెన పుల్ల మారినయి, చావు డప్పు ఉద్యమం డప్పు అయింది. 1994లో దండోర మొదలైనంక అదే డప్పు హక్కు అడిగే గొంతు అయింది. చట్రం మాత్రం పాతదే.

ఆరె, రంపె ఉన్నయి. తోలు కుట్టే ఆరె పిడి మనిషి చెమటకు నల్లబడి నునుపెక్కుతది. కరెంటు మోటర్లు రాకముందు ఈ ప్రాంతం బావుల కింద పండిన పంట అంతా మోటతోనే పండింది. మోట బొక్కెన, దాని తొండం తోలువి. వాటిని కుట్టింది, అతుకులు వేసింది మాదిగ చేతులు. రైతు ఎద్దుల గురించి, బావి గురించి కథలున్నయి. బొక్కెన కుట్టినవాని గురించి లేవు. తోలు పుచ్చి మట్టిల కలిసింది. ఆరె ఒక్కటే మిగిలింది. మాలోళ్ల ఇండ్లల్ల ముతక బట్ట నేసిన గుంట మగ్గం పూడిపోయింది. అటకల ఎక్కడనో నాడె మిగిలి ఉంటది.

కొడవలి, కురుపి ఉన్నయి. నూరి నూరి సన్నబడిన కొడవలిని చూస్తే ఎన్ని వానకాలాలు, ఎన్ని యాసంగులు కోసిందో తెలుస్తది. ఈ గడ్డ మీద పసుపు తొమ్మిది నెలల పంట. నాటేది, కలుపు తీసేది, తవ్వేది, కొమ్ములు వేరు చేసేది, మండ వేరు చేసేది ఎక్కువగ మన ఆడవాళ్లే. పసుపుకు 2025లో నిజామాబాద్‌లో జాతీయ బోర్డు వచ్చింది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది. పసుపు రకాల పేర్లు రాసి పెట్టినరు. పసుపు తవ్విన ఒక్క ఆడమనిషి పేరయినా, ఆమె చేతి కురుపి అయినా ఎక్కడన్న రాసి పెట్టినరా?

ఇంటి మూలకు కూరాడు ఉన్నది. కుండ పగిలితే కొత్తది వస్తది, కూరాడు జాగ మాత్రం మారదు. వస్తువు అంటే దొర ఇంట్ల ఉన్నట్టు చెక్కుచెదరకుండ ఉండాలె అన్నది వాళ్ల లెక్క. పగిలినా మళ్ల పెట్టుకునేది, చినిగినా మళ్ల కట్టుకునేది మన లెక్క. ఈ లెక్కల మనది పాతదే.

కొంగు ముడిలనో, చిన్న సంచిలనో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్క ఉంటది. 1959లో చెల్లకుండ పోయిన నిజాం రూపాయి. గింజల కూలి కాలంల ఆ రూపాయి ఇంటికి ఎట్ల వచ్చింది? బొంబాయి పోయి కట్టడాల మీద ఇటుకలు మోసినోళ్లు తెచ్చిండ్రా? మేకను అమ్మితే వచ్చిందా? ప్రతి సిక్క వెనక ఒక ప్రయాణమో, ఒక అమ్మకమో ఉంటది. అడగకపోతే చెప్పేవాళ్లు ఉండరు.

ఇక ఇనుప సందుగ. బొంబాయి నుంచి మన్మాడ్ లైను రైల్ల వచ్చిన సందుగ, తర్వాత దుబాయ్ నుంచి వచ్చిన సందుగ. దాని మూత మీద రంగుతో పేరు రాసి ఉంటది. ఊర్ల "అరేయ్, ఒరేయ్" అని, దొర లెక్కల పుస్తకంల పేరు చివర "గాడు" అని పిలిపించుకున్న మనిషి పేరు మొదటిసారి నిండుగ రాసింది ఆ సందుగ మీదనే కావచ్చు.

ఎక్కడికి పోతున్నయి?

బిడ్డ పెండ్లికి కుదువ పెట్టిన వెండి కడియాలు మళ్ల ఇంటికి రాలేదు. దవాఖాన ఖర్చుకు గంగాళం పోయింది. వీధిల అరుచుకుంట వచ్చినాయనకు పాత ఇత్తడి ఇచ్చి ప్లాస్టిక్ బిందె తీసుకున్నం. కొత్త ఇల్లు కట్టినప్పుడు ఇసుర్రాయిని బజాట్ల పారేసినం. ఆ రాయే ఈయాల రోడ్డు పక్కన హోటల్ల ముందు, రిసార్టుల ముందు "పల్లె వాతావరణం" కోసం పెట్టిండ్రు. మన అవ్వ ఇసిరిన రాయి పక్కన నిలబడి ఫోటో దిగడానికి పట్నపోళ్లు పైసలు ఇస్తున్నరు.

దొరల సామాను కూడా ఇండ్లు దాటింది, కని మ్యూజియంలకు దాటింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో తెరిచారు. ఒక్క ఖాందాన్ పోగు చేసిన సామాను అది. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో సంపాదించాడు. చూసినవాళ్లు అందరూ చెక్కిన పనితనం మెచ్చుకుంటరు. మంచిదే. కాని ఆ బొమ్మ కొన్న పైసలు జాగీరు ఊర్ల శిస్తు నుంచి వచ్చినయి. శిస్తు కట్టిన పంట పండించినవాని నాగలి ఆ హాల్లలో ఎక్కడుంది?

భీమ్‌గల్ పక్కన లింబాద్రి గుట్ట ఉన్నది. కార్తీక మాసంల జాతరకు మనమూ పోతం. గుళ్ల నగలు మాత్రమే కాదు, గిన్నెలు కూడా రిజిస్టరుల రాయాలని 1987 దేవాదాయ చట్టం చెప్తది. దేవుని గరిటెకు లెక్క ఉన్నది. మనిషి కొడవలికి లెక్క లేదు.

చట్టం ప్రకారం చూసినా మనది తక్కువేం కాదు. 1972 పురావస్తు చట్టం నూరేండ్లు దాటిన వస్తువులను పురావస్తువులు అంటది. రాజుల నాణేలు, శిల్పాలే కాదు, గతకాలపు చేతిపనులను, ఆచారాలను తెలిపే వస్తువులు కూడా ఆ మాటల కిందికి వస్తయి. నూరేండ్ల ఆరె కూడా పురావస్తువే. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పలేదు.

సిగ్గా, సాక్ష్యమా?

ఇక్కడ మన పిల్లలే ఒక ప్రశ్న వేస్తరు. "డప్పు, ఆరె మన బానిసత్వానికి గుర్తులు. బాబాసాహెబ్ చచ్చిన పశువులను మోయడం మానేయమన్నడు. మళ్ల వాటిని ఇంట్ల పెట్టుకోవడం ఏంది? కాలబెట్టాలె."

ఈ కోపం న్యాయమైనది. ఊరి పెత్తనం చేతుల డప్పు, ఆరె మన మెడకు కట్టిన తాళ్లే. ఆ పని మానాలె, మాన్పించాలె. అందులో మాకు రెండో మాట లేదు. అయితే పని మానడం వేరు, పనిముట్టును మాయం చేయడం వేరు. హత్య కేసుల కత్తిని కోర్టుల పెడతరు. కత్తి మీద ప్రేమతో పెట్టరు. సాక్ష్యం లేకుంటే నేరం చేసినోడు "అసలు హత్యే జరగలేదు" అంటడు. ఇప్పుడే అంటున్నరు కదా, "మా ఊర్ల కులం ఎప్పుడూ లేదు, అందరం అన్నదమ్ముల్లెక్క ఉన్నం" అని. రెండు గ్లాసుల పద్ధతి నడిపిన హోటళ్లల్ల ఆ రెండో గ్లాసు ఎవరన్న దాచి ఉంటే ఈయాల ఆ మాట అనడానికి నోరు వచ్చేదా?

నిజామాబాద్ జిల్లా జోగిని దురాచారానికి పేరుపడ్డ జిల్లా. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. జోగినిగా మార్చినప్పుడు మెడల వేసిన దండను ఒక తల్లి తీసి పారేస్తే అది ఆమె హక్కు. ఆ దండకు పూజ చేయమని ఎవరూ అడగొద్దు. ఆమె ఇష్టపడి ఇస్తే మాత్రం అది ఊరి మీద, దొర మీద, దేవుని పేరు మీద వేసిన ఫిర్యాదు. ఫిర్యాదును పొయ్యిల వేయొద్దు.

మరి చేతిపని సంగతి? తోలును పదును చేయడం, జోడు కొలత కంటితోనే చూసి కోయడం, డప్పును మంట మీద కాచి శృతికి తేవడం విద్య. ఆ విద్యను హీనం అన్నది మనువు. ఆ మాటను మనం మన ఆరె మీద ఎందుకు రాసుకోవాలె?

కాయితం సంగతి వేరే

సందుగ అడుగున బట్టల కింద మడత పెట్టిన ఒక కాయితం ఉంటది. మన ఇండ్లల్ల అన్నిటికంటె విలువైన పాత వస్తువు అదే కావచ్చు. లావుణి పట్టా కావచ్చు. నీరడి, శేత్‌సింది, బేగారి లాంటి ఊరి చాకిరికి ఇచ్చిన ఇనాం భూమి కాయితం కావచ్చు. 1950 కౌలుదారీ చట్టం కింద వచ్చిన రక్షిత కౌలుదారు కాయితం కావచ్చు. 1973 సీలింగు చట్టం కింద పంచిన భూమి పట్టా కావచ్చు. చాలావరకు పాతవి ఉర్దూల ఉంటయి. చదవడం రాక, ఎందుకు పనికొస్తదో తెలియక చెదలకు వదిలేస్తున్నం.

ఆ కాయితం ఎందుకు కావాలో వినండి. పాత పహాణీలల్ల పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం ఉండేది. దున్నేటోని పేరు అక్కడన్న ఉండేది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, ఆ కాలం పోయింది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, ధరణి జాగల భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన మన పేరు దాంట్ల ఎక్కదు. ఎక్కాలంటే ఆధారం చూపాలె. ఆధారం సందుగల ఉన్నది. అసైన్డు భూమిని కొనడం చెల్లదని 1977 చట్టం చెప్తది. అయినా ఎంత భూమి చేతులు మారిందో మన ఊర్లల్ల తెలువని మనిషి లేడు. అడగాలన్నా మొదట కాయితమే కావాలె.

కాయితం మీద 1352 ఫసలీ అని ఉంటే భయపడొద్దు. దానికి 590 కలపండి, 1942 అయితది. ఇంచుమించు ఆ సంవత్సరం అన్నట్టు. ఉర్దూ చదవగల ముస్లిం పెద్దమనుషులు ప్రతి ఊర్ల ఉన్నరు, వాళ్ల దగ్గర కూసోండి. 1954–55 ఖాస్రా పహాణీల మీ తాత పేరు ఉన్నదో లేదో నకలు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు కూడా లేదు. నిజాం కాలపు దస్తావేజులు హైదరాబాద్ తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్‌ల ఉన్నయి.

అసలు కాయితాన్ని లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి పాత కాయితం పాడయితది, మళ్ల ఊడదీయరాదు. గమ్ము టేపు అంటించొద్దు. శుభ్రమైన నూలు గుడ్డల చుట్టి తడి తగలని జాగల పెట్టండి. జిరాక్సులు తీసి రెండు ఇండ్లల్ల ఉంచండి. ఏ లీడరుకూ, ఏ దళారికీ, ఏ ఆఫీసరుకూ అసలుది ఇయ్యొద్దు. నకలు ఇచ్చినా రశీదు తీసుకోండి.

నల్లవాళ్లు దాచుకున్న రేకు డబ్బ

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో జోసెఫ్ ట్రామెల్ అనే నల్లజాతి మనిషి ఉండేవాడు. తను బానిస కాదు, స్వతంత్రుడు అని చెప్పే 1852 నాటి కాయితం ఆయన దగ్గర ఉండేది. ఆ కాయితం చూపలేకపోతే నల్లవాడిని ఎవడైనా పట్టి బానిసగా అమ్ముకునే కాలం అది. ఆయన ఆ కాయితాన్ని చేత్తో చేసిన చిన్న రేకు డబ్బలో దాచుకున్నాడు. ఆయన వారసులు తరాల పాటు దాన్ని పారేయలేదు. 2016లో వాషింగ్టన్‌లో నల్లవాళ్ల చరిత్ర మ్యూజియం తెరిచినప్పుడు ఆ రేకు డబ్బ అక్కడికి చేరింది. ఆ మ్యూజియంలోని సామాను చాలావరకు నల్లవాళ్ల అటకల మీద నుంచి, పెట్టెల అడుగు నుంచే వచ్చింది. మన దేశంలో కూడా నాగపూర్ దగ్గర చిచోలిలో బాబాసాహెబ్ బట్టలు, టైప్‌రైటర్ ఆయన అనుచరులు కాపాడి పెట్టిండ్రు. సర్కారు కోసం ఎదురుచూసి ఉంటే అవి మిగిలేవి కావు.

మనం చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వాడకు ఒక నోటుబుక్కు పెట్టాలె. చదువుకున్న పిల్లలు ఇంటింటికి పోయి నాలుగు సంగతులు రాయాలె. వస్తువు ఏది? ఎవరు చేసిండ్రు, ఎవరు కొన్నరు? ఏ పనికి వాడిండ్రు, దానికి ఏం కూలి వచ్చింది? ఎవరి నుంచి ఎవరికి వచ్చింది? చెప్పినోళ్ల పేరు నిండుగ రాయాలె. "గాడు" అని కాదు, అయ్య అని, అమ్మ అని రాయాలె. ముసలోళ్లు పోయేలోగా రాయాలె. వస్తువు ఇంటోళ్ల దగ్గరనే ఉండాలె, పుస్తకం వాడ దగ్గర ఉండాలె.

వచ్చే ఏప్రిల్ 14న విగ్రహానికి పూలదండ వేస్తం, ఉపన్యాసాలు వింటం. ఆ రోజు భీమ్‌గల్‌ల అంబేద్కర్ విగ్రహం ముందు ఒక గొంగడి పరిచి దాని మీద మన ఆరెలు, డప్పు చట్రాలు, కొడవళ్లు, ఇత్తడి చెంబులు, హాలీ సిక్కలు, కాయితాల నకళ్లు పెడదాం. పక్కన ఆ ఇంటి అవ్వనే కూసోబెట్టి మాట్లాడిద్దాం. ఊర్ల అందరినీ పిలుద్దాం, దొరల వారసులను కూడా. వాళ్లు గడిల తల్వారు చూపించిండ్రు. మనం కురుపి చూపిద్దాం. దేనితో ఈ ఊరు బతికిందో వచ్చినోళ్లే తేల్చుకోనీ.

ఈ రాత్రి ఇంటికి పోయి సందుగ తెరవండి.

జై భీమ్!